గెడ్డ అవతల ఏడు రోజులు

నాకు కుళ్ళు ఎక్కువని మా వీధిలో అందరూ అంటారు. కాదనను. మొగుడు ఇంటిపట్టున ఉండే ఏ ఆడదాన్ని చూసినా మూడేళ్ళపాటు నాకు కడుపు మండింది. ఎదురింటి సన్యాసమ్మ పొద్దున్నే మొగుడి మీద అరుపులు మొదలుపెడితే, అరవడానికైనా దానికి ఒకడున్నాడు గదా అని లోపలికి వెళ్ళి ఏడ్చేదాన్ని.

నా మొగుడి పేరు పరదేశి. అప్పుడు రాజమండ్రి జైల్లో ఉన్నాడు. ఖూనీ కేసు. ఖూనీ అంటే కత్తులూ కక్షలూ కాదు. మా చెరకు తోట ఊరి పక్క పారే గెడ్డకి ఇవతల. ఆయన స్నేహితుడు పెదబాబు తోట అవతల. ఇద్దరూ ఒకే పెనం దగ్గర నిలబడి బెల్లం వండటం నేర్చుకున్నారు. అరవై తొమ్మిదిలో వానలు లేక గెడ్డ సన్నబడితే, నీళ్ళు ఈ పూట ఎవరి వంతు అనే దగ్గర మాటా మాటా పెరిగింది. మా ఆయన చేతిలో పార ఉంది. దాని కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. పెదబాబు మళ్ళీ లేవలేదు. ఆ కబురు చోడవరం స్టేషనుకి తీసుకెళ్ళింది కూడా మా ఆయనే. ఏడేళ్ళు శిక్ష వేశారు. అప్పటికి మా పెళ్ళయి పద్నాలుగు నెలలు.

పిల్లలు లేరు. ఇది చెప్పకపోతే తక్కినదేదీ మీకు అర్థం కాదు. శిక్ష అయ్యేసరికి నాకు ముప్ఫై దగ్గర పడతాయి. మా అత్త అప్పలనరసమ్మ వారానికోసారైనా నా కడుపు వైపు చూసి నిట్టూర్చేది. కొడుకు జైల్లో ఉన్న సంగతి ఆ నిమిషంలో ఆవిడకి గుర్తుండేది కాదనుకుంటా.

డెబ్బై రెండు మాఘమాసంలో, వకీలుగారి గుమస్తా గణపతిరావుగారు రమ్మని కబురంపితే చోడవరం వెళ్ళాను. అత్తకి జబ్బని ఆయన చేతే అర్జీ పెట్టించాను అంతకుముందు. అత్త కాగితం మీద మంచం పట్టింది. ఇంట్లో మాత్రం పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు మోసేది.

“పెరోలు వచ్చిందమ్మా చిన్నతల్లీ. పదిహేను రోజులు” అన్నారాయన.

“అంటే వొదిలేసినట్టేనా బాబూ?”

“వదలడం కాదు. శిక్ష అలాగే ఉంటుంది. మనిషిని కొన్నాళ్ళు ఇంటికి పంపుతారు.” ఆయనకి తెలిసినదేదైనా ఎదుటివాళ్ళకి చెప్పేదాకా తోచదు. కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టారు. “ఇది ఫ్రెంచివాళ్ళ మాట. వాళ్ళ భాషలో మాట అనే దీనికి అర్థం. పూర్వం యుద్ధాల్లో సిపాయిలు వేలకి వేలు పట్టుబడేవారు. అందర్నీ ఎక్కడ కాపలా కాస్తారు, ఎవరు తిండి పెడతారు? అందుకని, మళ్ళీ మా మీద ఆయుధం పట్టనని పరువుమీద ప్రమాణం చెయ్యి, ఇంటికి పో అనేవారట. అదే తర్వాత తర్వాత జైళ్ళలోకి వచ్చింది. గోడ ఉండదు, బంట్రోతు ఉండడు. వాడిచ్చిన మాట ఒక్కటే ఉంటుంది.”

“మాటెవులికిచ్చేడు బాబూ?”

“సర్కారుకి. రోజూ పొద్దున్నే ఇక్కడ స్టేషన్లో సంతకం పెట్టాలి. ఈ స్టేషను హద్దు దాటకూడదు. మీ ఊరి గెడ్డ అవతల కె.కోటపాడు వైపు వేరే హద్దు. గెడ్డ దాటాడంటే మాట తప్పినట్టే.”

పెళ్ళినాటి మంత్రాల్లో తప్ప ఆయన నాకెప్పుడూ ఇంత గట్టి మాట ఇవ్వలేదు. సర్కారు మీద కూడా నాకు కుళ్ళొచ్చిందంటే నమ్మండి.

లేవబోతుంటే గుమస్తాగారు ఇంకోటి చెప్పారు. “పెదబాబు ఇంటివాళ్ళని కూడా అడిగారమ్మా, ఇతను వస్తే అభ్యంతరమా అని. తమ్ముళ్ళిద్దరూ అభ్యంతరమే అన్నారు. భార్య మాత్రం లేదని వేలిముద్ర వేసింది. ఆ వేలిముద్ర మీదే వచ్చింది మీకు పెరోలు.”

మంచి మనిషినైతే అటునుంచి అటే గెడ్డ దాటి వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడాలి. నేను ఇంటికొచ్చాను. అచ్చియ్యమ్మ ఎందుకు వేసింది వేలిముద్ర? దారి పొడుగునా ఇదే. మొగుణ్ణి చంపినవాడు ఊళ్ళోకి వస్తే ఆవిడకేం సంతోషం? ఆవిడ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పొడగరి. వెడల్పాటి కళ్ళు. పెళ్ళికి ముందు నుంచీ మా ఆయనకి ఆవిడ చేతి ముద్ద అలవాటు. నాకు గుర్తుండకూడనివన్నీ గుర్తొచ్చాయి.

ఆయన సాయంత్రం అనకాపల్లి బస్సులో దిగాడు. సన్నబడ్డాడు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. ఊరు ఊరంతా మా గుమ్మంలోనే. అత్త కొడుకుని ఒళ్ళోకి లాక్కుని వదల్లేదు. వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు ఇవ్వడమే నా పని. పోనీలే, పదిహేను రోజులున్నాయి అనుకున్నాను. రేపు పొద్దుటి నుంచే కదా లెక్క.

పొద్దున్నే చద్దన్నం తిని, స్టేషన్లో సంతకం పెట్టి వస్తానని వెళ్ళాడు. పోయి రావడానికి నాలుగు మైళ్ళు. నేను తలంటుకుని, పెట్టె అడుగునున్న నీలం చీర తీసి కట్టుకున్నాను. మధ్యాహ్నమైంది. కూర చల్లారింది. దీపాల వేళకి వచ్చాడు, కళ్ళు ఎర్రగా, ఒళ్ళంతా పొగ వాసనతో. తిన్నాడు. చాప మీద వాలిన మనిషి వాలినట్టే నిద్రపోయాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఎక్కడికెల్తన్నావు?”

“పనుంది.”

“పదేను రోజులకి వొచ్చిన మనిసికి పనేటి?”

“నన్నడక్కే. మాటిచ్చేను.”

“ఎవులికి?”

నన్ను పక్కకి జరిపి వెళ్ళిపోయాడు. నీలం చీర విప్పి పెట్టెలో కుక్కాను. సర్కారుకి మాట, ఇంకెవరికో మాట. ఇంట్లో ఉన్నదానికి పొగ వాసన.

ఐదో రోజు వెంట వెళ్ళాను. స్టేషన్లో సంతకం పెట్టి, బజారు దాటి, మళ్ళీ మా ఊరి దారే పట్టాడు. ఊళ్ళోకి రాలేదు. తోటల్లోంచి గెడ్డలోకి దిగి, పంచె ఎగ్గట్టి, అవతల గట్టెక్కాడు. అటు అచ్చియ్యమ్మ తోట తప్ప ఇంకేమీ లేదు.

నేనూ దాటి చెరకు సాళ్ళ మధ్య నక్కాను. తోట నడుమ గానుగ తిరుగుతోంది. ఎడ్ల వెనక ఆవిడ తండ్రి ఉన్నాడు. ఉన్నాడని ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు నా కంటికి ఆనింది ఇద్దరే. ఆవిడ పొయ్యిలోకి పిప్పి తోస్తోంది. ఈయన పెనం మీదికి వంగి మడ్డి తీస్తున్నాడు. మాటల్లేవు. మాట్లాడుకుని ఉంటే నాకు అంత మండేది కాదు. ఆయన చెయ్యి చాపగానే ఆవిడ నీళ్ళ ముంత అందించింది. ఆయన పాకం చుక్క అందులో వేసి, వేళ్ళతో నలిపి, ఆవిడకి చూపించాడు. ఆవిడ తలూపింది.

మా ఇళ్ళలో ఒక వాడుక ఉంది. పెనం దింపాక, అచ్చుల్లో పోసేముందు, తెడ్డుకి అంటిన పాకం చెరకాకు మీదికి తీసి వండినవాడు ఇల్లాలి చేతిలో పెడతాడు. పెళ్ళయిన ఏడాది నాకలాగే పెట్టాడు. నాలుక కాలింది. నవ్వాడు. ఆ నవ్వుతోనే నేను మూడేళ్ళు గడిపాను. ఇప్పుడు అదే చేత్తో ఆకు మీద తీసి, ఊది, అచ్చియ్యమ్మ చేతిలో పెట్టాడు. బెల్లం ఎవరిదైతే ఆ ఇంటి ఇల్లాలికే పెడతారని నాకు తెలుసు. తెలిసినా అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు, ఆరో రోజు, ఆయన వెనకే చోడవరం వెళ్ళి, ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయేదాకా చూసి, స్టేషన్లోకి అడుగుపెట్టాను. మీకు నవ్వొస్తుంది. నేననుకున్నది ఒక్కటే. పెద్దమనుషుల దగ్గర మొగుడి మీద చెప్పుకుంటే పిలిచి చీవాట్లు పెడతారు కదా, స్టేషన్లోనూ అలాగే చేస్తారు, ఇల్లు కదలొద్దని గదమాయిస్తారు, మిగిలిన రోజులు నాకు దక్కుతాయి అనుకున్నాను.

హెడ్డు కానిస్టేబులు గోవిందరావుగారు తలెత్తారు. “ఏటమ్మా?”

“పరదేశి పెళ్ళాన్ని బాబూ. ఆయన రోజూ ఇక్కడ సంతకమెట్టి గెడ్డ దాటి ఎల్లిపోతన్నాడు. ఇంటి దగ్గరుండమని గట్టిగా సెప్పండి.”

ఆయన కలం కింద పెట్టారు. “గెడ్డ అవతలికా? నువ్వు సూసేవా?”

“ఈ కళ్ళతోటే సూసేను. అచ్చియ్యమ్మ పెనం కాడున్నాడు.”

“ఆలోచించుకుని సెప్పమ్మా. నాను రాసేనంటే అది కాయితమైపోద్ది.”

“రాయండి బాబూ” అన్నాను. ఐదో తరగతి చదువుకున్నదాన్ని. వేలిముద్ర కాదు, గుండ్రంగా సంతకమే పెట్టాను. ఆవిడ వేలిముద్ర కంటే నా సంతకం బాగుందని గొప్పగా కూడా అనిపించింది.

ఏడో రోజు హెడ్డుగారూ ఒక కానిస్టేబులూ సైకిళ్ళు గట్టు మీద పెట్టి గెడ్డ దాటారు. నేనూ వెనకే వెళ్ళాను. అచ్చియ్యమ్మ ముఖం మాడిపోతుంటే చూడాలని వెళ్ళాను. ఇందులో దాచేదేముంది.

పెనం పొంగు మీద ఉంది. ఆయన మమ్మల్ని చూశాడు. ముందు టోపీల్ని, తర్వాత నన్ను. తెడ్డు ఆపలేదు.

“పెరోలు రద్దయింది పరదేశీ. నడు” అన్నారు హెడ్డుగారు.

“ఎల్దాం బాబూ. ఈ పెనం దింపనియ్యండి. పావుగంట. ఇదే ఆకరిది.”

హెడ్డుగారు రైతుబిడ్డే అయి ఉండాలి. పొంగుతున్న పెనం వైపు చూసి, వాచీ చూసుకుని, నీడలోకి జరిగారు. రద్దు అన్న మాట నా చెవిలో అప్పుడే పడింది. చీవాట్లు కాదు. రద్దు.

ఆయన, ఆవిడ తండ్రి కలిసి పెనం దింపారు. చేతులు కడుక్కున్నాడు. “అయిపోయిందప్పా” అన్నాడు అచ్చియ్యమ్మతో, ఎప్పటిలాగే అక్క వరస పెట్టి. నా ముందు నుంచి నడిచి వెళ్ళాడు. చెరకాకులు కదిలి ఆగిపోయాయి.

అచ్చియ్యమ్మ నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

“ఏటి సేసేవే చిన్నతల్లీ?” అంది. “ఈయాల్టితో నావి ఏడూ అయిపోయేయి. రేపట్నుంచి ఎనిమిదీ నీయే.”

“ఏటి ఏడు? ఏటి ఎనిమిది?”

“నాను రాజమండ్రి ఎల్లేను. జైలు కాడ ఆడి మొకం సూసేను. వేలిముద్ర ఏస్తాను, ఏడ్రోజులు నా పెనం కాడ పని సెయ్యాలన్నాను. సరే అప్పా అన్నాడు. ఎవులికీ సెప్పొద్దన్నాను. నా మరుదులకి తెలిస్తే పెనం తన్నేస్తారు. తోట మొత్తం ఆళ్ళకి వొదిలేసి పుట్టింటికి పొమ్మని మూడేళ్ళ బట్టి నా పీకల మీద కూకున్నారు. పాకం తెలిసినోడెవుడూ నా పెనం కాడికి రాకుండా సేసేరు.”

రాజమండ్రి. మూడేళ్ళలో నేను వెళ్ళగలిగింది రెండుసార్లు. ఈవిడ కూడా వెళ్ళిందా? అంత జరిగాక, తప్పంతా నాదని తెలిశాక కూడా, ముందు నాకు మండింది ఆ మాటకే.

“బెల్లం కోసం నా రోజులు తీసుకున్నావా?” అన్నాను.

“బెల్లానికైతే మూడ్రోజులు సాలు.” ఆవిడ పొయ్యి పక్కన కూలబడింది. “కుళ్ళే. నీకొక్కదానికే ఉందనుకున్నావా? నీ మొగుడు పదేను రోజులు నీ గుమ్మంలోకొస్తాడు. నా మొగుడు ఏ అర్జీ ఎట్టినా రాడు. నీ మొగుడే కదా రాకుండా సేసేడు. మరి పదేనూ నీకే ఎందుకుండాల? నా పొగలో నిలబడి ఏడవాల, నాను సూడాల అనుకున్నాను. సూసేను. ఆడు రోజూ ఏడిసేడు. అడిగితే పొగన్నాడు. నాకు మాత్రం సల్లారలేదు.”

“నీకు పిల్లలున్నారు గదా అప్పా” అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. “నాకెవులున్నారు?”

“ఉన్నారు. అందుకే ఎనిమిది నీకొదిలేను” అంది.

పెనంలో పాకం బిగుస్తోంది. కలియబెట్టి అచ్చుల్లో పోయకపోతే పెనానికే పట్టేస్తుంది. ముసలాయన ఎడ్ల దగ్గర నిలబడి ఇటు రావాలా వద్దా అని చూస్తున్నాడు. ఆవిడ లేచి ఒక తెడ్డు తీసుకుంది. నేను కళ్ళు తుడుచుకుని రెండోది తీసుకున్నాను. ఆవిడ మీద జాలితో కాదు. ఆయన ఆ పావుగంట అడిగింది ఈ పెనం కోసం. అది మాడిపోతే ఆయన అడిగిన మాట కూడా పోతుంది. పొద్దు వాలేదాకా ఇద్దరం అచ్చులు పోశాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వచ్చేటప్పుడు ఆవిడే అంది, “మళ్ళీ అడగొస్తే వేలిముద్ర ఏస్తాను. ఈసారి ఏటీ అడగను.” దానికీ నాకు మండింది. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ ఆవిడదే.

గుమస్తాగారు నన్ను ఒక్క మాటనలేదు. “రెండేళ్ళదాకా మళ్ళీ అర్జీ పెట్టకమ్మా, పెట్టినా ఇవ్వరు” అన్నారు, అంతే. అత్తకి ఎవరో చెప్పేశారు. ఆవిడ నెల రోజులు నాతో మాట్లాడలేదు. వంట మాత్రం నా చేత్తోనే తినేది.

చైత్రంలో రాజమండ్రి వెళ్ళాను. బస్సులో, రైల్లో, జైలు గేటు దగ్గర వరసలో, చెప్పవలసినది వల్లించుకుంటూనే ఉన్నాను. ఆయన ఇనప జాలీ అవతలికి వచ్చి నిలబడగానే వల్లించిందంతా పోయింది.

“నానే సెప్పేను స్టేసన్లో” అన్నాను.

“ఎరుగుదును.”

“దాంతో రద్దయిపోతాదని తెల్దు. సీవాట్లేస్తారనుకున్నాను. నీ ఒట్టు.”

ఆయన జాలీ మీద వేళ్ళు పెట్టాడు. “తప్పు నాది కూడానే. సర్కారుకి మాటిచ్చేను, గెడ్డ దాటనని. ఆవిడికి మాటిచ్చేను, గెడ్డ దాటి వొస్తానని. రెండూ ఎలా కుదురుతాయి? ఆడ్ని సంపినోణ్ణి, ఆవిడడిగితే ఎలా కాదంటాను? ఇన్ని మాటలిచ్చేను గానీ నీకొక్కటీ ఇవ్వనేదు.”

“అయితే ఇప్పుడియ్యి” అన్నాను. “ఈసారొచ్చినప్పుడు పదేనూ నాయే అని. అచ్చియ్యప్ప ఏటీ అడగనంది. నాతోనే అంది.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఆవిడ అడక్కపోయినా ఏడూ ఆవిడియ్యే. మరి నాను బతికున్నన్నాళ్ళూ అంతే. అది నువ్వడక్కు.”

జాలీ లేకపోతే ఆయన చొక్కా పట్టుకుని కొట్టేదాన్ని. వెనక వార్డరు టైమైపోతోందని అరుస్తున్నాడు. రెండేళ్ళు. ఆ తర్వాత పదిహేను. అందులోంచి ఏడు. ఏడ్చినా, చచ్చినా ఆయన ఆ ఏడూ వదలడని ఆయన ముఖం చూస్తే తెలిసిపోతోంది. వదిలేసే మనిషైతే నేను ఇంతగా కుళ్ళుకోవలసిన పని కూడా ఉండేది కాదేమో.

“సరే” అన్నాను. “నువ్వు మాత్రం గెడ్డ దాటొద్దు. ఆవిడ సెరుకు నాను బండెట్టి ఇవతలికి తోలిస్తాను. మన పెనం మీద వొండు. పిప్పి నాను తోస్తాను, నీళ్ళ ముంత నాను అందిస్తాను. బెల్లం ఆవిడకి పంపించు. ఎనిమిది నాయి. ఆ ఏడూ నా కళ్ళముందుండాల.”

ఆయన నవ్వాడు. మూడేళ్ళలో నేను చూసిన మొదటి నవ్వు అది.

“నవ్వడం కాదు. మాటియ్యి.”

“ఇచ్చేను” అన్నాడు.

వార్డరు ఆయన్ని లోపలికి తీసుకుపోయాడు. నేను ఎనిమిది రోజులకి ఒప్పుకుని బయటికొచ్చి, రైలు స్టేషనుకి పోయే దారి పట్టాను.